ఆ ఎర్ర డబ్బాలో ఆక్సిజన్ మళ్లీ నింపకండి

అమెరికాలో గరాజులో బీరు కాచుకుంటున్న తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. ఈస్ట్ కోసం హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న చిన్న ఎర్ర ఆక్సిజన్ డబ్బా అయిపోతే దాని పని అయిపోయినట్టే. పెద్ద సిలిండర్‌కి తగిలించి దాన్ని మళ్లీ నింపకండి. అందుకు అడాప్టర్లు అమ్ముతున్నారు, ఎలా నింపాలో వీడియోలు చూపిస్తున్నారు. నింపినవాళ్లలో చాలామందికి ఏమీ కాలేదన్నదీ నిజమే. అదే ధైర్యంతో మీరూ దిగితే మాత్రం, చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా మిగలవు.

ఆ డబ్బాలో ఉండేది సుమారు 40 గ్రాముల ఆక్సిజన్, అంటే బయటి గాలి ఒత్తిడిలో 30 లీటర్లు. అది అమెరికా రవాణా శాఖ లెక్కలో డాట్-39 రకం, ఒక్కసారి వాడి పారేయడానికే చేసింది. మళ్లీ నింపి రవాణా చేస్తే 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు అని డబ్బా మీదే అచ్చువేసి ఉంటుంది. కారు డిక్కీలో తీసుకెళ్లడం కూడా రవాణాయే. వెల్డింగ్ దుకాణంలో ఇచ్చే పెద్ద సిలిండర్‌లో ఒత్తిడి 2,000 పి.ఎస్.ఐ. పైమాటే. చిన్న డబ్బా తట్టుకునేది అందులో కొద్ది భాగమే. రెండింటినీ అడాప్టర్‌తో నేరుగా కలిపితే ఎంత లోపలికి వెళ్లిందో చెప్పే మీటరు ఉండదు. ఆపాల్సిన చోట ఆపేది మీ చెవి, మీ అంచనా. డబ్బా గోడ పలచన, దాని వాల్వు ఒక్క వాడకానికి పెట్టింది, పెద్ద సిలిండర్‌కి మళ్లీ మళ్లీ జరిగే ఒత్తిడి పరీక్ష దీనికి జరగదు.

డబ్బా పగలడం ఒక్కటే ప్రమాదం అనుకోకండి. నాకు అంతకన్నా భయం వేసేది నిప్పు గురించి. వాల్వు గబుక్కున తిప్పితే ఆక్సిజన్ దూసుకొచ్చి అడాప్టర్ చివర నొక్కుకుపోయి ఒక్క క్షణంలో విపరీతంగా వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడుతుంటే దాని అడుగు వేడెక్కడం అందరికీ తెలుసు, ఇది దానికి ఎన్నో రెట్లు. ఆ చోట వేలిముద్రంత గ్రీజు, ప్లంబర్లు మరలకు పూసే పేస్టు, రబ్బరు వాషరు ఉంటే చాలు, అంటుకుంటుంది. తర్వాత ఉక్కు కూడా కాలుతుంది. ఆక్సిజన్ తాను మండదు, మిగతావన్నిటినీ మండిస్తుంది. 1967 జనవరి 27న అపోలో-1 వ్యోమనౌకను నేల మీదే పరీక్షిస్తుండగా స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపిన క్యాబిన్ అంటుకుంది. గ్రిసమ్, వైట్, చాఫీ ముగ్గురూ తలుపు తెరుచుకునేలోపే చనిపోయారు. మామూలు గాలిలో నెమ్మదిగా కాలే నైలాన్ లాంటివి అక్కడ భగ్గున లేచాయి.

మన గరాజు సంగతి చూడండి. వర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) మరిగించిన ప్రొపేన్ పొయ్యి అక్కడే, ఇంకా వేడిగా ఉంటుంది. పాత్రల మూతులు తుడవడానికి స్పిరిట్ స్ప్రే. పక్కన కారు, దాని నూనె మరకలు. తలుపు సగం మూసి ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అది 23.5 దాటితే చాలు ప్రమాదకరమైన వాతావరణంగా లెక్కిస్తారు. లీకైన ఆక్సిజన్‌కి వాసన ఉండదు, బట్టల్లో పట్టి కాసేపు నిలుస్తుంది. అలా ఒంటి మీదికి విడుదలైతే బయట గాలిలో కనీసం పావుగంట నిలబడాలి, ఆ తర్వాతే పొయ్యి దగ్గరికో సిగరెట్ దగ్గరికో వెళ్లాలి.

ఇంతకీ ఆ ఆక్సిజన్ ఎంత కావాలి? చల్లారిన వర్ట్‌లో ఈస్ట్ పెరగడానికి, తన కణాల పొర కట్టుకోవడానికి కొంత ఆక్సిజన్ కావాలి, లీటరుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు. 19 లీటర్ల బ్యాచ్‌కి నిమిషానికి ఒక లీటరు చొప్పున ఒక్క నిమిషం వదిలితే సరిపోతుంది. పొడి ఈస్ట్ వాడేవాళ్లకు మొదటిసారి అసలు అక్కర్లేదని దాన్ని తయారుచేసేవాళ్లే చెబుతారు. ద్రవ ఈస్ట్‌తో మామూలు బీరు కాచేవాళ్లు పాత్రను బాగా కుదిపినా, చేపల తొట్టి పంపుకి ఫిల్టర్ పెట్టి గాలి ఊదినా పని జరుగుతుంది. గాలితో 8 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది కాబట్టి, చిక్కటి బీర్లు కాచేవాళ్లకే స్వచ్ఛమైన ఆక్సిజన్ నిజంగా అక్కరకొస్తుంది. వాళ్లు కూడా ఎర్ర డబ్బా తొందరగా అయిపోతోందంటే ముందు రెగ్యులేటర్‌ని అనుమానించాలి. దాన్ని బిగించి వదిలేస్తే సన్నగా లీకవుతూ ఉంటుంది. పని కాగానే ఊడదీస్తే ఒక్క డబ్బాతో చాలా బ్యాచ్‌లు గడుస్తాయి.

తరచూ కాచేవాళ్లు నేరుగా వెల్డింగ్ గ్యాస్ దుకాణానికి వెళ్లండి. 20 ఘనపుటడుగుల సిలిండర్‌లో 560 లీటర్ల దాకా పడుతుంది, ఏళ్ల తరబడి వస్తుంది. ఖాళీదిచ్చి నిండుది తెచ్చుకోవచ్చు, నింపడం తెలిసినవాళ్లే నింపుతారు. పాత సామాన్ల అమ్మకాల్లో చవగ్గా దొరికిందని సిలిండర్ కొనకండి. మెడ మీద వేరే కంపెనీ పేరు ఉంటే అది అద్దెది కావచ్చు, దాన్ని మరో దుకాణం నింపదు. పరీక్ష తేదీ కూడా ఆ మెడ మీదే చెక్కి ఉంటుంది, గడువు దాటితే నింపరు. రెగ్యులేటర్ ఆక్సిజన్‌కే చేసిందై ఉండాలి. కెగ్‌కి వాడే కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటర్‌ని అడాప్టర్‌తో దీనికి బిగించకండి, రెండింటి మరలూ వేరుగా పెట్టిందే కలవకూడదని. వాల్వు తిప్పేటప్పుడు పక్కకు నిలబడి, నెమ్మదిగా తిప్పండి. కారులో తెచ్చేటప్పుడు కదలకుండా కట్టండి, ఇంటికి రాగానే దించేయండి.

ఇంట్లో పెద్దవాళ్లకు తెచ్చిన మెడికల్ సిలిండర్ మిగిలి ఉంటే దాన్ని సరఫరా చేసినవాళ్లకే తిరిగివ్వండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2021 కరోనా రెండో వేవ్‌లో కొన్న సిలిండర్లు మూలన ఉన్నవాళ్లకూ ఇదే మాట. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం అక్కడ నింపడానికి లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడమైతే అక్కడ ఎక్సైజ్ నేరమే. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఇచ్చిన వెసులుబాటు అక్కడ వర్తించదు.

ఇప్పటికే ఎర్ర డబ్బా నింపుకున్నవాళ్లు దాన్ని ఇక వాడకండి. కారులో పెట్టకండి, చెత్తబుట్టలో వేయకండి, మీరే విప్పి ఖాళీ చేయబోకండి. పొయ్యికీ ఎండకీ దూరంగా ఉంచి, మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి అత్యవసరం కాని నంబరులో ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. డబ్బా సీలు నుంచి బుస్సుమని శబ్దం వస్తుంటే మాత్రం అందరినీ బయటికి పంపి, మీరూ బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి.