పెద్ద జట్టు జీతాలు ఆగినా పిల్లల బడి ఆగలేదు

2025 ఆగస్టు మొదటి వారంలో బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్బు ఒక ప్రకటన వెలువరించింది. ఇండియన్ సూపర్ లీగ్ భవితవ్యం తేలనందున ప్రధాన జట్టు ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాల చెల్లింపును నిరవధికంగా నిలిపివేస్తున్నామన్నది దాని సారాంశం. సునీల్ ఛెత్రీ ఆడే జట్టుకే ఆ గతి పట్టిందన్న వార్త దేశమంతటా మారుమోగింది. అదే ప్రకటనలోని మరొక మాటకు అంతటి ప్రచారం లభించలేదు. బాలబాలికల జట్ల నిర్వహణకూ, చిన్నారుల శిక్షణ బడులకూ ఈ నిలిపివేత వర్తించదని క్లబ్బు అందులోనే పేర్కొన్నది. సరిహద్దు పల్లెలలో ఆటమీద మనసుపడిన పిల్లవాడున్న ప్రతి ఇంటికీ మొదటి మాటకన్న ఈ రెండవ మాటే ముఖ్యమైనది.

బెంగళూరు జట్టుతో మనకేమి సంబంధమని కొందరు అడుగవచ్చును. ఈ క్లబ్బు 2013లో జిందాల్ వారి జె.ఎస్.డబ్ల్యూ. సంస్థ స్థాపించినది. వసతితో కూడిన తన బాలుర శిక్షణాలయాన్ని అది రాజధాని నగరంలో గాక బళ్ళారి జిల్లాలో, తోరణగల్లు ఉక్కు కర్మాగారాన్ని ఆనుకొని ఉన్న విజయనగర్‌లో నెలకొల్పింది. ఒలింపిక్ క్రీడల శిక్షణకై 2018లో ప్రారంభమైన ఇన్‌స్పైర్ సంస్థ ఆవరణ కూడ అదే. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చి, బళ్ళారి మైసూరుకు పోయినప్పుడు గీత పడింది భూమిమీదనే గాని బంధుత్వాలమీద కాదు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న మన పిల్లలకు దేశంలోని ప్రముఖ క్లబ్బులలో ఒకదాని శిక్షణ పద్ధతి కన్నులెదుట కనిపించినది బళ్ళారిలోనే.

ఆ పద్ధతికి ఫలితమేమిటో 2022 సంవత్సరం చూపింది. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలలలో గోవాలో రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ తొలిసారి జరిగింది. ప్రధానంగా ఇరవై ఒక్క ఏళ్ళ లోపువారికి ఉద్దేశించిన ఆ పోటీలో ఎనిమిది జట్లు తలపడ్డాయి. ఒక్కొక్క జట్టు తక్కిన అన్నింటితోను ఒక్కొక్కసారి ఆడింది. బెంగళూరు కుర్రవాళ్ళు అగ్రస్థానంలో నిలిచి విజేతలయ్యారు. బహుమానంగా ఇంగ్లండు వెళ్ళి అక్కడి ప్రీమియర్ లీగ్ క్లబ్బుల యువ జట్లతో ఆడి వచ్చారు. మరుసటి ఏడు, 2023లో, టైటిల్ మళ్ళీ వారిదే.

కప్పులకన్న గమనించవలసినది ఆ జట్టులోని ఒక కుర్రవాని ప్రయాణం. తమిళనాడులోని శివగంగ జిల్లానుంచి వచ్చిన శివశక్తి నారాయణన్ ఈ లీగులో గోల్స్ పంట పండించాడు. నాలుగు నెలలు తిరక్కుండానే డ్యూరాండ్ కప్పులో ప్రధాన జట్టు తరపున బరిలోకి దిగి, 2022 సెప్టెంబరు 18న కోల్‌కతాలో ముంబయి సిటీతో జరిగిన ఫైనల్లో తొలి గోల్ చేశాడు. బెంగళూరు 2-1తో గెలిచింది. ఆ తరువాత 2022-23 సూపర్ లీగ్‌లో వర్ధమాన క్రీడాకారుని పురస్కారం అతనినే వరించింది. అంతకు ముందటి ఏడాది, 2021-22లో, అదే పురస్కారం పొందిన మణిపూర్ కుర్రవాడు రోషన్ సింగ్‌దీ ఈ క్లబ్బే. వరుసగా రెండేళ్ళు ఒకే క్లబ్బు కుర్రకారుకు ఆ గౌరవం దక్కడం యాదృచ్ఛికమని త్రోసిపుచ్చలేము.

దీని వెనుక ఉన్నది మంత్రమేమీ కాదు, నిచ్చెనకు మెట్లు వరుసగా ఉండడమే. వయసుల వారీ జట్లు, ఆపైన రిజర్వు జట్టు, ఆపైన డ్యూరాండ్ వంటి పోటీ, చివరకు ప్రధాన జట్టు. 2021 డ్యూరాండ్ కప్పుకు క్లబ్బు అధికభాగం కుర్రవాళ్ళనే పంపింది. వారు సెమీఫైనల్ దాకా వెళ్ళి, గోవా జట్టు చేతిలో పెనాల్టీలలో మాత్రమే ఓడారు. ఓటమి ఓటమే. కాని అటువంటి మ్యాచ్‌లో ఒత్తిడిని భరించి పెనాల్టీ కొట్టిన కుర్రవాడు నేర్చుకునేది ఆరు నెలల అభ్యాసంలో కూడ దొరకదు. విదేశీ ఆటగాళ్ళను మైదానంలో ఐదుగురినుంచి నలుగురికి తగ్గించిన నిబంధన కూడ 2021-22లోనే అమలయింది. అంటే ప్రతి జట్టులోను ఏడుగురు స్వదేశీయులు ఉండి తీరాలి. మెట్లు సిద్ధంగా ఉన్నవారికి ఆ ఒక్క స్థానం వరమయింది.

లోపాలు లేవా? ఉన్నాయి. 2022 నాటి లీగ్‌లో ఒక్కొక్క జట్టు ఆడినవి ఏడంటే ఏడు మ్యాచ్‌లు. ఏడాదంతా చెమటోడ్చిన కుర్రవానికి గట్టి పోటీ దొరికింది నెల రోజులు! తరువాతి సంవత్సరాలలో ప్రాంతాల వారీ దశలతో పోటీ విస్తరించింది, కొత్త జట్లు చేరాయి. 2023-24లో పంజాబ్ జట్టు విజేతగా నిలిచింది. బెంగళూరు ప్రాభవం తగ్గిందని వ్యాఖ్యానించినవారున్నారు. ఆ వాదనతో మేము ఏకీభవించము. 2024 సెప్టెంబరు 14న కంఠీరవ మైదానంలో ఈస్ట్ బెంగాల్‌పై సూపర్ లీగ్‌లో అడుగుపెట్టిన శిక్షణాలయపు కుర్రవాడు వినీత్ వెంకటేశ్, ఆ రోజు నమోదైన ఏకైక గోల్ తానే చేశాడు. యువ జట్టు షెల్ఫులో కప్పులు లేని ఏడాదిలో కూడ పైమెట్టుకు ఒకడు చేరితే ఆ ఏడాది వృథా కాదు.

మరి మన తెలుగు నేలమీది క్లబ్బుల సంగతి? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణానికి చేర్చిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వాడు. ఛెత్రీ పుట్టింది సికిందరాబాదులో. ఇంతటి వారసత్వం ఉన్న నగరపు హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో సూపర్ లీగ్ విజేత అయింది. పైన చెప్పిన తొలి యువ లీగ్‌లో దాని జట్టు కూడ ఆడింది. తరువాత ఆర్థిక చిక్కులలో కూరుకొని, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. పెద్దవారు ఒప్పందాలు చూసుకొని మరొక జట్టుకు వెళ్ళగలరు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఎక్కడికి వెళ్ళాలి? క్లబ్బు ఖాతాలో పిల్లల పద్దును పెద్దల పద్దునుంచి వేరుచేసి కాపాడడం ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదంతమే చాటుతున్నది.

నెలల తరబడి అనిశ్చితి తరువాత 2026 ఫిబ్రవరి 14న సూపర్ లీగ్ కుదించిన రూపంలో మొదలయింది. మ్యాచ్‌లు తగ్గితే కొత్తవానికి అవకాశమిచ్చే సాహసం శిక్షకునికి తగ్గుతుంది. డబ్బు తగ్గితే ఖరీదైన ఆటగాని బదులు ఇంటి కుర్రవాణ్ణి దింపక తప్పదు. ఈ రెండింటిలో ఏది పైచేయి అవుతుందన్నదానిమీద కుర్రకారు రాత ఆధారపడి ఉన్నది.

తల్లిదండ్రులు గ్రహించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. క్లబ్బు పేరుతో నగరాలలో నడిచే, రుసుము కట్టి చేరే శిక్షణ బడి వేరు. ఎంపిక పరీక్షలో నెగ్గి చేరే వసతి శిక్షణాలయం వేరు. మొదటిదానిలో చేరినంత మాత్రాన రెండవదానిలో సీటు దొరకదు. వయసు విషయం మరీ ముఖ్యం. మన పల్లె బడులలో సగంమంది పుట్టినరోజు జూన్ ఒకటో తారీఖే కదా! ఫుట్‌బాల్ సమాఖ్య మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు పరీక్ష చేయిస్తుంది. దాఖలాలో ఏడాది తేడా ఉంటే పిల్లవాని తప్పు లేకున్నా పిల్లవానికే శిక్ష. పుట్టినచోట ఒక రాష్ట్రం, చదివేచోట మరొక రాష్ట్రం అయిన కుటుంబాలు పత్రాలను ముందే సరిచూసుకోవాలి.

ఊరి క్లబ్బు పెద్దలు పిల్లలను సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలో నమోదు చేయించడం మరువరాదు. ఆటగాడు ఒక దేశపు క్లబ్బునుంచి మరొక దేశపు క్లబ్బుకు సొమ్ముపై మారినప్పుడు, ఆ సొమ్ములో 5 శాతాన్ని అతనికి 12నుంచి 23 ఏళ్ళ మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలన్నది ఫిఫా నిబంధన. నమోదు లేని క్లబ్బుకు పైసా రాదు. పద్దెనిమిది నిండని పిల్లలు విదేశీ క్లబ్బుకు మారడాన్ని కొద్ది మినహాయింపులతో ఫిఫా నిషేధించింది గనుక, యూరప్‌లో సీటు ఇప్పిస్తామంటూ బయానా అడిగే దళారులను గడప తొక్కనీయరాదు.

గంజాం, రాయగడ వైపు ఉన్న మనవారికి బళ్ళారి దూరాభారమే. వారికి భువనేశ్వర్ దగ్గర. ఫిఫా, భారత సమాఖ్య కలిసి 2023 నవంబరులో కళింగ స్టేడియంలో ప్రారంభించిన శిక్షణాలయం పద్నాలుగేళ్ళ లోపు బాలురతో మొదలయింది. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలున్న ఇళ్ళవారు జిల్లా సంఘం వద్ద ఎంపికల సమాచారం ఇప్పటినుంచే విచారించడం మంచిది. ఆ వయసు దాటితే ఈ ద్వారంలో ప్రవేశం కష్టం.