మొరాయించిన సర్వరు: ముందు జబ్బు కనుక్కోవాలి

తునికాకు కల్లం దగ్గరైనా, వారపు సంతలోనైనా, ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి నోట కూడా ఈనాడు వినిపించే మాట "సర్వరు డౌన్". కులధ్రువీకరణ పత్రం కోసమో, భూమి కాగితం కోసమో చర్ల నుంచి, గుండాల నుంచి, కరకగూడెం నుంచి ఒకరోజు కూలి వదులుకుని వచ్చినవారికి కౌంటరు వెనుక నుంచి వచ్చే జవాబు యిదే. సర్వరంటే హైదరాబాదులో వుండే ఎవరో పెద్దదొర అని, ఆయనకు ఒంట్లో బాగాలేదని అనుకునే ముసలమ్మలు యింకా వున్నారు. వారిని చూసి నవ్వనక్కరలేదు. కౌంటరు వెనుక కూర్చున్నవారిలో కూడా ఆ మాటకు అసలు అర్థం తెలిసినవారు తక్కువే.

ఆ ఒక్క మాటలో రెండు వేరు వేరు జబ్బులు కలిసిపోయి వున్నాయి. మొదటిది లైను తెగడం. 2011 నవంబరులో మొదలైన మీసేవకు గానీ, 2020 అక్టోబరులో వచ్చిన ధరణికి గానీ, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో వచ్చిన భూభారతికి గానీ అసలు యంత్రాలు వుండేది మండలంలో కాదు. భద్రాచలం వీధుల్లోకి నడిచి వచ్చేంత దగ్గరలో వున్నా, 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన ఎటపాక వాసి కాగితమైతే మరో రాష్ట్రపు యంత్రంలో వుంటుంది. అడవి దారిలో తీగ తెగినా, టవరుకు కరెంటు పోయినా కౌంటరు మూగబోతుంది. దానికి ఊళ్లో మందు లేదు.

రెండవ జబ్బు అలాంటిది కాదు. యంత్రం గదిలోనే వుంటుంది. కరెంటు వుంటుంది, దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు గుయ్యిమని తిరుగుతాయి. తెర మీద నాలుగు వరుసలు వచ్చి అక్కడే నిలిచిపోతాయి. కళాశాలలు, ఆసుపత్రులు, అచ్చాఫీసులు, చిన్న కార్యాలయాలు కొత్తది కొనే స్తోమతు లేక పదిహేను, యిరవై ఏళ్లనాటి సర్వర్లను వాడుకుంటున్నచోట యిది తరచు వచ్చే తెగులు. దీనికి మందు వున్నది. చాలావరకు ఊళ్లోనే వున్నది. కాకపోతే యిప్పుడు జరుగుతున్న వైద్యం మాత్రం తలనొప్పికి తల తీసేసే రకం. పట్నం నుంచి వచ్చిన కుర్రవాడు సంచీ కిందపెట్టక ముందే "ఫార్మాట్ చేద్దామా?" అంటాడు. ఫార్మాట్ అంటే పలక తుడిచినట్టు డిస్కు తుడవడం. ఏళ్ల తరబడి ఎక్కించిన వివరాలు దాంతోపాటే పోతాయి. పోయిన తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసింది, మళ్లీ జిరాక్సులు తీయించుకోవలసింది ఆ కుర్రవాడు కాదు.

ఈ పాత సర్వర్లలో చాలావాటికి ప్రాసెసర్లు రెండు వుంటాయి. జోడెడ్ల బండి లాంటిది. మామూలు కంప్యూటర్లలో లేని చిక్కు యిక్కడే వున్నది. స్విచ్ వేయగానే రెండూ ఒకేసారి లేవవు. ముందు ఒకటే లేచి, యంత్రంలో ఏమేమి వున్నాయో చూసుకుని, తర్వాత రెండవదాన్ని పిలిచి లేపుతుంది. ఎవరు ఎక్కడ వున్నారో చెప్పే పట్టిక ఒకటి యంత్రం తయారైనప్పుడే అందులో రాసి పెడతారు. ఆ పట్టిక ఎలా వుండాలో ఇంటెల్ కంపెనీ 1994లో ఒక నియమం చేసింది. లినక్స్ 1996లో వచ్చిన రెండవ కూర్పు నుంచి ఒకటికి మించిన ప్రాసెసర్లను నడపడం మొదలుపెట్టింది. విండోస్ ఎన్‌టి అంతకుముందే, 1993లోనే నేర్చుకున్నది. అయితే పట్టిక రాసినవారు తప్పు రాస్తే, చదివేవాడు ఎంత తెలివైనవాడైనా దారి తప్పుతాడు. పాత యంత్రాలలో తప్పుడు పట్టికలకు కొదవ లేదు.

వైద్యంలో మొదటి మందు ఓపిక. ఇది మాటవరసకు చెప్పేది కాదు. పాత సర్వరు తన జ్ఞాపకశక్తిని, అంటే మెమొరీని, మొత్తం లెక్కపెట్టుకోవడానికే చాలా నిమిషాలు తీసుకుంటుంది. డిస్కుల కార్డు తన డిస్కులను ఒక్కొక్కటిగా పలకరించడానికి మరికొంత. కరెంటు ఉన్నపళంగా పోయి వచ్చినప్పుడైతే డిస్కంతా తనిఖీ చేసుకుంటుంది. పెద్ద డిస్కయితే గంటలు పట్టవచ్చు. తెర మీద కంపెనీ బొమ్మ మాత్రమే కనిపిస్తూ వుంటే, యంత్రం పని చేస్తున్నదో పడుకున్నదో చూసేవారికి తెలియదు. విసుగెత్తి స్విచ్ కట్టేస్తారు. తనిఖీ మధ్యలో ఆగుతుంది. మర్నాడు మళ్లీ మొదటికే. కనుక గడియారం చూసి కనీసం అరగంట ఆగాలి. డిస్కు దీపం మిణుకుమిణుకుమంటున్నంతసేపు స్విచ్ ముట్టుకోకూడదు.

అప్పటికీ లేవకపోతే, ఆ బొమ్మను తీసేసి వరుసలు కనపడేలా పెట్టుకోవాలి. లినక్స్‌లో అయితే మొదలయ్యే చోట వుండే "క్వైట్" అన్న మాటను తుడిచేస్తే సరిపోతుంది. చివరి వరుస ఏమిటో కాగితం మీద రాసుకోవాలి, లేదా ఫోనుతో ఫోటో తీయాలి. పోలీసుకు చచ్చినవాడి చివరి మాట ఎంతో, యిక్కడ ఆ చివరి వరుస అంత.

చివరి వరుసలో రెండవ ప్రాసెసరును లేపుతున్న మాట వుంటే, ఆ ఎద్దే కూలబడిందని అనుమానించాలి. అప్పుడు ఒంటెద్దుతో బండి కట్టి చూడాలి. లినక్స్‌కు మొదట్లోనే "మాక్స్‌సీపీయూస్ = 1" అని చెబితే రెండవదాన్ని లేపదు. పాత విండోస్ సర్వర్లలో అయితే బూట్ ఫైలులో "వన్‌సీపీయూ" అని చేరుస్తారు. యంత్రం నెమ్మదిగా అయినా లేస్తే సగం జబ్బు దొరికినట్టే. అలా లేచిన మరుక్షణం చేయవలసిన పని మరమ్మతు కాదు, డిస్కులో వున్నదంతా వేరే డిస్కులోకి ఎత్తడం. ఒకసారి లేచింది మళ్లీ లేస్తుందన్న పూచీ ఎవరూ యివ్వలేరు. ఎక్కువమంది తప్పేది యిక్కడే. లేచిందన్న సంబరంలో టీ తాగడానికి వెళతారు.

తర్వాత కరెంటు తీసి, రెండు ప్రాసెసర్ల చోట్లు మార్చి పెట్టాలి. జబ్బు ప్రాసెసరుతోపాటు జరిగితే ప్రాసెసరుదే తప్పు. పాతచోటే వుండిపోతే తప్పు బోర్డుది, లేదా ఆ చోటికి కరెంటు అందించే భాగానిది. దీనికి యింజనీరింగు పట్టా అక్కరలేదు, చేతికి నిలకడ వుంటే చాలు. అయితే ఒక హెచ్చరిక. పెంటియం-2, పెంటియం-3 కాలపు కొన్ని బోర్డులలో ఒక ప్రాసెసరును తీసేస్తే ఆ ఖాళీలో ఉత్త అట్టలాంటి కార్డు ఒకటి గుచ్చాలి. అది లేకపోతే బాగున్న యంత్రం కూడా లేవదు. ఆ కార్డు ఎందుకూ పనికిరాదనుకుని పారేస్తే తర్వాత దొరకడం కష్టం.

ఒంటెద్దుతో కూడా లేవకపోతే కబుర్ల సంగతి చూడాలి. డిస్కు తన పని ముగించి "అయింది" అని ప్రాసెసరుకు కబురంపుతుంది. ఆ కబురు ఏ దారిన ఎవరికి చేరాలో చూసేందుకు ఒక చిప్పు వున్నది. పట్టిక తప్పుగా వుంటే కబురు వేరే యింటికి పోతుంది. డిస్కేమో చెప్పేశాననుకుంటుంది, ప్రాసెసరేమో రాలేదని ఎదురుచూస్తుంది. తెర మీద వరుస కదలదు. "నో ఏపిఐసి" అని గానీ, అదీ చాలకపోతే "ఏసిపిఐ = ఆఫ్" అని గానీ చెబితే ఆ కొత్త దారులు మానేసి పాత దారిలోనే కబుర్లు తెప్పించుకుంటుంది. ఇది పూర్తి వైద్యం కాదు, కట్టు మాత్రమే. పట్టికను సరిదిద్దిన కొత్త కూర్పును యంత్రం కంపెనీ విడుదల చేసివుంటే దాన్ని ఎక్కించడమే అసలు మందు.

నిన్నటిదాకా బాగున్నది ఉన్నట్టుండి ఆగితే అడగవలసిన ప్రశ్న ఒక్కటే: మధ్యలో ఏమి మారింది? కొత్త కూర్పు ఎక్కించిన మర్నాడే ఆగిందంటే తప్పు యంత్రానిది కాకపోవచ్చు. రెడ్‌హ్యాట్ కంపెనీ 2019లో తెచ్చిన ఎనిమిదవ కూర్పులో పాత డిస్కు కార్డులు అనేకం నడిపే భాగాలను తీసేసింది. 2022లో వచ్చిన తొమ్మిదవ కూర్పు మరీ పాత ప్రాసెసర్ల మీద అసలు నడవదు. కొత్త మొలతాడు కట్టబోయి పాత గోచీ ఊడగొట్టుకున్నట్టు, బాగున్నదాన్ని ఆపుకున్నవారు ఎందరో. మొదలయ్యే చోట పాత కూర్పు పేరు కూడా వుంటుంది. దాన్ని ఎంచుకుంటే చాలు.

ఏ మార్పూ లేకుండా ఆగితే మూత విప్పి చూడాలి. బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ వుంటుంది. అది చచ్చిపోతే యంత్రం తేదీ మరచిపోతుంది, డిస్కును ఎలా వాడాలో చెప్పిన అమరికలూ మరచిపోతుంది. దాని ఖరీదు ఒకరోజు కూలిలో పదోవంతు కూడా వుండదు. 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన బోర్డులలో చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్లు పైన ఉబ్బి, కారి వుండడం ప్రపంచమంతటా వచ్చిన తెగులు. ఉబ్బినవి కనిపిస్తే రేడియోలు బాగుచేసే మనిషి చేతితోనే మార్పించవచ్చు. ఇక ఈ ప్రాంతపు దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. వేసవిలో బొగ్గు లారీలు తిరిగే దారి పక్క గదిలో ఏడాదిపాటు మూత విప్పని యంత్రంలో ఫ్యాను రెక్కలు కనపడవు.

ఏది చేసినా ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది నోటుబుక్కులో రాయాలి. నాలుగు ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ఈ పాత యినుముకు యింత సేవ ఎందుకు, కొత్తది కొంటే పోలా అనేవారున్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పాత సర్వరు తినే కరెంటుకు, చేసే పనికి పొంతన వుండదు. భద్రత కోసం వచ్చే సవరణలూ దానికి అందవు. విండోస్ సర్వరు 2003 కూర్పుకు 2015 జూలైలోనే మద్దతు ఆగింది. కొనగలిగినవారు కొనవలసిందే. అయితే కొత్తది వచ్చేదాకా లోపల వున్న వివరాలను బయటికి తీయాలన్నా పాతది ఒక్కసారైనా లేవాలి కదా. కొత్తది కొనడానికి టెండరు పిలిచే అధికారులు, పాతదాన్ని లేపగలిగే మనిషి మండలంలో ఒక్కరైనా వున్నారా అని అడగడం లేదు.

అలాంటి మనుషులు కరువు కాదు. ఐటిఐలు, పాలిటెక్నిక్‌లు చదివిన పిల్లలు పాల్వంచలో, కొత్తగూడెంలో, యిల్లెందులో పనిలేక తిరుగుతున్నారు. వేలంలో తూకానికి అమ్మేసే పాత సర్వర్లలో నాలుగు వారి చేతికిచ్చి, విప్పి బిగించనిస్తే నెలరోజుల్లో చేయి తిరుగుతుంది. ఐటిడిఎ శిక్షణలలో కంప్యూటరు అంటే టైపు కొట్టడమే అన్న భావం పోవాలి. కోయ పిల్లవాడు ట్రాక్టరు ఇంజను విప్పగా లేనిది సర్వరు మూత విప్పలేడని అనుకోవడం అన్యాయం.

ముందు చేయవలసినవి వానలకు ముందే చేయాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజుల్లో పట్నం నుంచి మెకానిక్కును పిలిపించే దారే లేకపోయింది. ప్రతి పాత సర్వరు పక్కన మంచి యుపిఎస్, వేరే ఊళ్లో దాచిన నకలు డిస్కు, బ్యాటరీ బిళ్లలు రెండు, దారంతో కట్టిన ఒక నోటుబుక్కు వుండాలి. నదికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక యిచ్చేనాటికి ఈ నాలుగూ గదిలో వున్నాయో లేవో, సర్పంచులు వెళ్లి కళ్లతో చూసి రావచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.