ఎలుకల మందు పనిచేయడం లేదా?

ఊడ్పులు పూర్తయి పైరు పిలకలు వేసే రోజుల్లో మన పశ్చిమ గోదావరి జిల్లాలో ఏ టీ దుకాణం దగ్గర కూర్చున్నా ఒకే మాట వినిపిస్తుంది: "మందు పెట్టాం, ఎలుక చావలేదు." మందు కల్తీ అని ఒకరంటారు. ఎలుకలు మందుకు అలవాటు పడిపోయాయని ఇంకొకరంటారు. కల్తీ ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు. కాని అన్ని ఊళ్ళలోనూ, ఏటేటా మందే తప్పు చేస్తున్నదనడం న్యాయం కాదు. తప్పులో పెద్ద భాగం మనదే. ఎలుకకు ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎంతమంది కలిసి పెట్టాలి అన్న మూడు సంగతులను మనం పట్టించుకోవడం లేదు.

ఎలుక చేసే నష్టం గట్టుమీద నిలబడ్డవాడికి కనపడదు. అది సాధారణంగా గట్టు పక్క వరుసలు వదిలిపెట్టి చేను నడిమికి పోయి దుబ్బులు కొరుకుతుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. లోపలికి దిగితే చాపంత, మంచమంత ఖాళీలు కనిపిస్తాయి. అది తినేది కొంచెం, కొరికి పారేసేది ఎక్కువ. దాని ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి కనుక, అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. కోతల నాటికి వెన్నులు కొరికి కలుగులోకి లాగి దాస్తుంది. ఆ కలుగులు తవ్వి ధాన్యం ఏరుకునే పేదలను మనం చిన్నప్పటినుంచీ చూసినవాళ్ళమే. ఈ నష్టంలో ఎక్కువ దెబ్బ తగిలేది కౌలు రైతుకు. చేను సగం పోయినా కౌలు బస్తాలు కొలవక తప్పదు కదా!

ఎలుక ఏది పడితే అది తింటుందనుకోవడం పొరపాటు. తిన్నది కక్కుకునే శక్తి దానికి లేదు. అందుకే కొత్త తిండి ఎదురైతే ముందు కొద్దిగా రుచి చూసి ఆగుతుంది. ఒంట్లో తేడా చేస్తే మళ్ళీ ఆ తిండి ముట్టదు. నల్లమందు అని మనం వాడే జింకు ఫాస్ఫైడు కొద్ది గంటల్లోనే పనిచేస్తుంది. చాలినంత తిన్న ఎలుక చస్తుంది. కొంచెం తిన్నది బతికి, మరునాటినుంచి ఆ ఎరవైపు కన్నెత్తి చూడదు. చిట్టెలుక స్వభావం కొంత వేరు. దానికి బెరుకు తక్కువ గాని, ఒకచోట కడుపునిండా తినదు. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం కొరుక్కుంటూ పోతుంది. అందుచేత ఎర ఒకచోట కుప్ప పోస్తే లాభం లేదు. కొద్దికొద్దిగా చాలాచోట్ల పెట్టాలి.

మరి మనం చేసే పనేమిటి? మనుషులు తినని ముక్కిపోయిన నూకలు, కొట్టులో అడుగున మిగిలిన కారునూనె తెచ్చి, అందులో మందు కలిపి, మొదటి రోజే గట్లవెంట చల్లి వస్తాం. మూడేళ్ళ క్రితం నేనూ అదే పని చేశాను. మందు పొట్లాలు కలుగుల ముందు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, దుబ్బులు మాత్రం పోయాయి. కోటేశ్వరుడి ఇంటి గాదెలోనైనా మంచి గింజ ఏదో ఎలుకకు తెలుసు. అటువంటి దానికి ముక్కిన నూకలు పెట్టి తినమంటే తింటుందా?

పద్ధతి కష్టమైనదేమీ కాదు. మొదటి రోజు సాయంత్రం పొలంలోని కలుగులన్నీ మట్టితో మూసేయాలి. మర్నాటికి తెరుచుకున్నవే ఎలుకలున్న కలుగులు. మందు వాటికే పెట్టాలి. నల్లమందు వాడదలచినవారు ముందుగా 98 పాళ్ళు మంచి నూకలు, 2 పాళ్ళు వంటనూనె కలిపి, మందు లేకుండా ఒకటి రెండు రోజులు ఎలుకలకు అలవాటు చేయాలి. ఆ తరువాతే 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపి 10 గ్రాముల పొట్లాలుగా కలుగులో పెట్టాలి. బ్రోమోడయోలోన్ 0.25 శాతం పొడికైతే ఈ అలవాటు చేయడం అక్కరలేదు. పాళ్ళు అవే. అంటే కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు. పొట్లానికి 15 గ్రాములు చాలు. ఈ మందు నెమ్మదిగా కొన్ని రోజులకు చంపుతుంది కనుక, తిన్న తిండికీ రోగానికీ ఉన్న సంబంధం ఎలుక కనిపెట్టలేదు.

వేళ కూడా ముఖ్యం. పైరు పొట్టకు వచ్చాక కాండంలో తియ్యని లేత వెన్ను ఉండగా, ఎండు నూకలు ఏ ఎలుకకు కావాలి? ఊడ్చిన నెలా నెలన్నర లోపే పని ముగించాలి. మందు సరఫరా చేసే అధికారులు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మా ఊరికి ఒక ఏడు మందు వచ్చేసరికి చేలు ఈనుతున్నాయి. పెళ్ళి అయిపోయాక మేళం వచ్చినట్టయింది.

అన్నిటికన్నా పెద్ద లోపం ఎవరికి వారుగా మందు పెట్టడం. నా చేలో ఎలుకలు చస్తే ఆ ఖాళీలోకి పక్క చేలో ఎలుకలు వస్తాయి. ఆడ ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు ఆరేడు పిల్లలు పెడుతుంది. ఒక్క రైతు మందు దానికి ఏ మూలకు? పైగా కాలువ గట్లు, రోడ్డు మార్జిన్లు, చేపల చెరువుల గట్లు, ఊరి బీడు ఎవరి లెక్కలోకీ రావు. ఎలుకలకు అసలు కోటలు అవే. రైతు తన గట్టు సన్నగా చెక్కి శుభ్రంగా ఉంచుకున్నా, పక్కన కాలువ గట్టు తుప్పలతో నిండి ఉంటే చేసిన శ్రమంతా వృథా.

మందు పనిచేయలేదన్న కోపంతో కొందరు చేసే పనులు మరీ ప్రమాదకరం. ఎరలో పురుగుమందు కలిపితే చచ్చేది పక్షులూ, కుక్కలూ. చేనిచుట్టూ కరెంటు తీగ లాగడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. తెల్లవారుజామున నీరు పెట్టడానికి వెళ్ళిన మనిషి ఆ తీగకు బలి కావచ్చు. మందు కలిపేటప్పుడు చేతికి తొడుగు, కలపడానికి కర్ర ఉండాలి. పొట్లం కలుగు లోపలికి తోసి మూసేయాలి. పిల్లలకు అందేచోట ఉంచరాదు. చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టాలి, లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబలూ చస్తాయి. పొరపాటున ఎవరైనా మందు మింగితే నాటువైద్యం పెట్టుకోకుండా, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బ్రోమోడయోలోనుకు విటమిన్ కె విరుగుడుగా ఉంది. నల్లమందుకు అటువంటి విరుగుడు లేదు.

స్వర్ణ వంటి వంగడాన్ని ఇచ్చిన మార్టేరు వరి పరిశోధనా స్థానం మన జిల్లాలోనే ఉంది. ఎలుకల నివారణ మీద కూడా అక్కడ పరిశోధన జరుగుతోంది. చెప్పేవారు దగ్గరలో ఉన్నా, విని ఊరంతా కలిసి చేసేవారే కరువు. పంచాయతీ, సొసైటీ, రైతు సేవా కేంద్రం కలిసి సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి తేదీ నిర్ణయించి ముందురోజు దండోరా వేయించాలి. నూకలు సొసైటీయే కొని ఇవ్వాలి. కాలువ గట్లకు, రోడ్డు మార్జిన్లకు ఆయా శాఖలవారు ఆ రోజే మందు పెట్టించాలి. చెరువుల యజమానులు తమ గట్ల బాధ్యత తాము తీసుకోవాలి. పొరుగూళ్ళ భూమి కామందులు కూడా కౌలుదారుకే వదిలేయక ఖర్చులో పాలు పంచుకోవాలి.

వరద వస్తే గట్టుకు గండి పడకుండా ఊరంతా పారలు పట్టుకు పోవడం మనకు తెలుసు. ఎలుక చేసే గండి కంటికి కనపడదు, అంతే తేడా. ఏడాదికి రెండు రోజులు అందరం ఒకేసారి గట్టెక్కగలిగితే, మందు పనిచేయడం లేదన్న మాట మనకు అవసరముండదు.