ఉత్త రంగేనా?

మా ఇంటి గేటు తీసుకుని లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు కాళ్ళ కిందికి చూస్తారు. "అబ్బ, టైల్సు ఎంత బాగున్నాయండీ! ఎక్కడ కొన్నారు?" అని అడుగుతారు. "టైల్సు కాదండీ, సిమెంటు గచ్చు మీద నేనే రంగు వేశాను" అంటానా, అంతే! ఆ మొహాల్లో వెలుగు కాస్తా సగానికి పడిపోతుంది. "ఓహో, ఉత్త రంగేనా!" అనేస్తారు. మా పక్కింటావిడకైతే ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. "గిదేంది వదినా! నేను నిజం టైల్సే అనుకున్న" అంది, నేనేదో ఆమెను మోసం చేసినట్టు.

ఈ "ఉత్త" అన్న మాటతోనే నాకు పేచీ.

మాది నల్లగొండ. వాకిట్లో కాంక్రీటు పోయించి పదేళ్ళు దాటింది. మరకలు పడి, మాసిపోయి చూడబుద్ధి కాకుండా తయారైంది. టైల్సు ధర కనుక్కొచ్చిన మావారు ఆ రాత్రి అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు. దానికి తోడు, అంతకుముందు వానాకాలంలో మా అత్తగారు చుట్టాలింటి ముందు నున్నటి టైల్సు మీద జారి మోకాలు దెబ్బ తీసుకున్నారు. ఆ మోకాలి ఎక్స్‌రే ఫిల్ములే నాకు స్టెన్సిళ్ళయ్యాయి.

నా పోచంపల్లి చీర కొంగు మీది పువ్వును గళ్ళ కాగితం మీదికి దించుకుని, ఫిల్ము మీద పెట్టి బ్లేడుతో కోశాను. పోచంపల్లి 2016 దాకా మా జిల్లాలోదే. రంగు అంటకూడని చోట నూలును ముందే బిగించి కట్టేయడం ఆ నేతలోని కిటుకు. ఫిల్ము ముక్క చేసేదీ అదే పని కదా, రంగు పోకూడని చోట అడ్డం నిలబడడం! చుక్కల ముగ్గులు పెట్టిన చేతికి గళ్ళ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. సుతిలి తాడును ముగ్గుపిండిలో ముంచి, రెండు కొసలూ లాగి పట్టి టక్కున కొడితే తిన్నటి గీత పడింది. ఇక గడికొక పువ్వు. ఆరు పొద్దుల పని.

చేయాలనుకునేవారికి నాలుగు మాటలు చెబుతాను. కొత్త గచ్చయితే కనీసం 28 రోజులు ఆగండి. సిమెంటులోని సున్నపు ఘాటు నూనె రంగును తినేస్తుంది కాబట్టి ఇంట్లో మిగిలిపోయిన ఎనామిల్ జోలికి పోకండి, ఆరుబయట గచ్చు కోసం చేసిన రంగే తెచ్చుకోండి. ముందురోజు రాత్రి ప్లాస్టిక్ కాగితం ముక్కను నాలుగు వైపులా అంటించి ఉంచండి. తెల్లారి దాని అడుగున చెమ్మ కనబడితే, నేల నుంచి తడి ఎక్కుతున్నట్టే. అక్కడ రంగు పొక్కిపోతుంది, డబ్బు దండగ. కుంచె దాదాపు పొడిగా ఉండాలి, లేకపోతే రంగు అచ్చు కిందికి పాకుతుంది. చివరి పూతలో జల్లించిన సన్నటి ఇసుక కలిపితే కాలు జారదు. ముదురు రంగులు వద్దు. 45 డిగ్రీల దాకా పోయే మా ఎండలకు అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి.

ఇక అసలు తగువుకు వద్దాం. మీరు దుకాణంలో కొనే టైలు మాత్రం ఏమిటి? కాల్చిన మట్టి పలక మీద యంత్రం అచ్చుగుద్దిన పాలరాతి బొమ్మ! కొన్నిటి మీద టేకు చారలు కూడా ఉంటాయి, చెట్టుతో సంబంధమే ఉండదు. ఫ్యాక్టరీ పాలరాతిని కాపీ కొడితే "నిజం టైలు", నేను టైలును కాపీ కొడితే "ఉత్త రంగు". ఇదెక్కడి న్యాయం? ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండ మీద రెండు వేల ఏళ్ళ నాటి గుండ్రటి బౌద్ధ గుహ ఉంది. లోపల తలెత్తి చూస్తే రాతి కప్పుకు గుడిసె వాసాలు చెక్కి ఉంటాయి. బరువు మోయడానికి కాదు, కొయ్య ఇంటి పోలిక కోసం. దాన్ని "ఉత్త రాయి" అన్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.

అసలు సంగతి వేరే ఉంది. ఇదే పని కాంట్రాక్టరు మనిషి వచ్చి చేస్తే దానికో ఇంగ్లీషు పేరు, చదరపు అడుగుకు ఇంతని రేటు, పైన టీ. ఇల్లాలు చేస్తే "కాలక్షేపం". మావారి ఖర్చుల పుస్తకంలో రంగు డబ్బాలు, కుంచెలు, ఆఖరికి బ్లేడు కూడా ఎక్కాయి. నా ఆరు పొద్దులు ఎక్కలేదు. అడిగితే, "అది మనింటి పనే కదా!" అన్నారు. మా అమ్మమ్మ గడపకు జాజు పూసి, సున్నంతో చుక్కలు దిద్దితే ఊరంతా నిలబడి చూసేది. "ఉత్త మన్ను" అని ఎవరూ అనలేదు. నిజమే, కూలి ఇస్తామనీ ఎవరూ అనలేదు.

"రంగు పూసేస్తే ముగ్గు సంప్రదాయం ఏమైపోతుంది?" అని పెద్దలు అడుగుతారు. ఈ ప్రశ్నను నేను కొట్టిపారేయను. అందుకే గేటు ముందు రెండు గజాలు రంగు వేయకుండా వదిలేశాను. రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని, ఇసుక కలిపిన నా గచ్చు మీద నింపాదిగా నడిచివెళ్ళి, అక్కడ స్టూలు వేసుకుని మా అత్తగారే ముగ్గు వేస్తున్నారు. ఈ రెండు వానాకాలాల్లో ఒక్కసారి జారలేదు.

నడిచే దారిలో రంగు కొంచెం అరిగింది. అరగనీయండి. అచ్చు దాచుకున్నాను, మళ్ళీ దిద్దుకుంటాను.

మొన్న పక్కింటావిడ మెల్లిగా వచ్చి, "వదినా, గా ఎక్స్‌రే నాకొక నాలుగు రోజులు ఇస్తవా?" అంది. ఇచ్చాను. ఒక్కటే షరతు పెట్టాను. ఎవరైనా అడిగితే, "ఉత్త రంగే" అనకూడదు. "నేనే వేసిన" అని చెప్పాలి.