పలుకని సంధి

జ్వరతీవ్రతలో మతి తప్పి పలుకు మాటలను మనవారు సంధి ప్రేలాపన యనిరి. డాక్టర్లు దీనినే డెలీరియ మందురు. మన పేరు సగమే నిజము. సంధి కొందరిని అరపించును. కొందరిని, ముఖ్యముగా వృద్ధులను, మగతలో ముంచును. అరచువాని మంచము కడకు నర్సు పరుగెత్తును; పలుకనివాడు నెమ్మదిగా నిద్రించుచున్నాడని సాగిపోవును. దోషము ఆమె దయయందు లేదు. రాత్రివేళ వార్డంతయు నొక్కతెకే అప్పగించి, ఈ లక్షణము నామెకు నేర్పనివారియం దున్నది.

1990లో అమెరికా వైద్యులు ప్రకటించిన పరీక్షచే కొలది నిమిషములలో దీనిని గుర్తింపవచ్చును. మార్పు హఠాత్తుగా వచ్చినదా యనునది అందు మొదటి ప్రశ్న. బదులు చెప్పగలవారు తరచు ఇంటివారే. “మా నాయన యెన్నడు నిట్లుండడమ్మా” యను కూతురి మాట వినుటకు నర్సునకు తీరిక కల్పింపుడు. తక్కిన చికిత్స అక్కడనే ఆరంభమగును.