అర్థానికి అర్థం

సర్కారు బడుల్లో పొద్దున ప్రార్థన కాగానే ప్రతిజ్ఞ, వార్తలు, సూక్తి వరుసగా సాగుతాయి. చాలాచోట్ల వాటి వెనకే ఒక ఇంగ్లిష్ పదం కూడా వస్తుంది. ఓ పిల్ల ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, స్పెల్లింగు ఒక్కో అక్షరం పలికి, తెలుగు అర్థం చెప్పి మళ్లీ వరుసలో కలిసిపోతుంది. మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి ఆ పదం ఎందరికి గుర్తుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

తప్పు పిల్లల జ్ఞాపకశక్తిది కాదు. 'డ్రౌట్' అంటే అనావృష్టి అని నోట్సులో రాయిస్తాం. జనగామ వైపు పిల్లకు కరువు తెలియక కాదు. బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలైన ఇళ్లు చూస్తూనే పెరిగింది. అనావృష్టే తెలియదు. ఒక తెలియని మాటకు ఇంకో తెలియని మాటను జోడించి రెండూ కలిపి బట్టీ పట్టమంటే ఏది నిలుస్తుంది? 'ఓవర్‌ఫ్లో'కు పొంగిపొర్లుట అని రాయించే బదులు, మొన్న వానలకు మన చెరువు మత్తడి దుంకింది చూడు, అదే అని చెప్తే ఆ పిల్ల దాన్ని మళ్లీ అడగదు.

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. దాంతోపాటే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా ద్విభాషా పుస్తకాలొచ్చాయి. సంచి బరువు పెరిగిందన్న మాట నిజమే కానీ, ఆలోచన మంచిది. పిల్ల ఇంగ్లిష్ మాట మీద వేలు ఆనించి కళ్లు పక్క పేజీకి తిప్పుతుంది. ఇంగ్లిష్‌లో మొదట్లోనే కనిపించిన క్రియ తెలుగులో వాక్యం చివరికి పోయి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి వాక్యమంతా రెండుసార్లు చదవాలి. ఆ వెతుకులాటలో పదం ఎంతో కొంత అంటుకుంటుంది. సైన్సు పాఠం దగ్గర మాత్రం చిక్కే. 'ఫొటోసింథసిస్' ఎదురుగా 'కిరణజన్య సంయోగక్రియ' నిలబడి ఉంటుంది. ఎండ తగిలితే ఆకు తన బువ్వ తానే వండుకుంటుందని టీచరమ్మ నోటితో చెప్తే తప్ప రెండు పేజీలూ ఒకటే.

మహబూబాబాద్ జిల్లాలో ఈ చిక్కుకు ఇంకో మడత ఉంది. తండా పిల్లకు ఇంట్లో లంబాడా మాట, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. కొత్తగూడ, గంగారం వైపు కోయ పిల్లలదీ అదే దారి. వాళ్లకు మనం సాయంగా ఇచ్చే తెలుగు అర్థం కూడా నేర్చుకున్న మాటే. టీచరుకు పిల్లల ఇంటి మాటలు నాలుగు వస్తే ఎంత పని తేలికవుతుందో! డిక్షనరీలు పంచే దాతలు దొరుకుతారు గానీ, దీనికి దాతలుండరు.

ఇక భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుల్ని చూడండి. మస్టర్, టబ్బు, ఓవర్‌మన్, బ్లాస్టింగ్, ఓపెన్‌కాస్టు. ఇవి ఏ నోట్సులోనూ రాసుకుని నేర్చినవి కావు. బాయిలో 'రూఫ్' అంటే కర్రతో తట్టి, చప్పుడు విని, గట్టిదో డొల్లదో తేల్చుకోవలసిన రాయి. ప్రాణం ముడిపడి ఉన్న మాట మరపుకు రాదు. ఆ కార్మికుడి కొడుకు 'రూఫ్ అంటే పైకప్పు' అని అప్పజెప్తుంటే తండ్రికి నవ్వొచ్చినా ఆశ్చర్యం లేదు.

ఏ మాటలు నేర్పాలన్నది కూడా ఆలోచించాల్సిందే. బ్రిటిష్ కాలంలో ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాల్ పిల్లల వాచకాల్లో కొత్త మాటలు కుక్కేసి ఉండటం గమనించారు. కొత్త మాటల్ని పలచగా చల్లి, వచ్చిన మాటే మళ్లీ మళ్లీ ఎదురయ్యేలా వాచకాలు రాశారు. తర్వాత, 1953లో, ఎక్కువగా వాడకంలో ఉండే దాదాపు 2,000 మాటల జాబితా అచ్చువేశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 220 పనిదినాలు, చిన్న తరగతులకు 200. రోజుకొకటి చొప్పున పదేళ్లకు దాదాపు ఆ జాబితా అంత అవుతుంది. అంటే వృథా చేసుకునేంత వెసులుబాటు లేదు. బోర్డు మీద మాత్రం పలకడానికే నోరు తిరగని బరువైన మాటలు ఎక్కుతుంటాయి. 'అన్‌టిల్', 'ఇనఫ్', 'ఇన్‌స్టెడ్' లాంటివాటికి ఆ భాగ్యం దక్కదు. వాక్యం అర్థం కాకుండా అడ్డుపడేవి నిజానికి అవే. వాటిని పక్కన ఒక్క తెలుగు మాట రాసి నేర్పలేం, వాక్యంలో పెట్టి చూపించాల్సిందే.

ఇలా నేర్పాలంటే టీచర్లకూ తోడు కావాలి. భూపాలపల్లి జిల్లా పేరులో ఉన్న జయశంకర్ సార్‌ను తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్తగానే తలచుకుంటాం. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధన కోసం 1958లో పుట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, ఆయన నాటికి సీఫెల్, అక్కడ ఆయన చాలాకాలం రిజిస్ట్రార్‌గా ఉన్నారు. అలాంటి సంస్థ మన దగ్గరే ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల టీచర్లకు అక్కడివాళ్లు ఏటా కొన్ని రోజులు తోడు కూర్చుంటే బాగుండు.

అందాకా బడిలోనే చేసుకోగలిగిన చిన్న పని ఒకటుంది. శనివారం కొత్త పదం ఆపేయాలి. ఆ వారం వచ్చిన అయిదింటినీ తీసుకుని, మన ఊరి సంగతి మీద ఒక్కో వాక్యం పిల్లలతోనే చెప్పించాలి. తప్పులొస్తాయి, రానివ్వండి. నోట్సులో పదానికి, అర్థానికి పక్కన మూడో గడి గీయించి, ఆ వాక్యం అందులో రాయిస్తే సరి.