ఛాయాచిత్రంలో దిద్దుబాటుకు మేర ఎక్కడ?

భారతీయ తర్కశాస్త్రం ప్రమాణాలలో ప్రత్యక్షానికి మొదటి పీట వేసినది. పొగను చూచి నిప్పు ఉన్నదని గ్రహించడం అనుమానం. నిప్పునే కంటితో చూడడం ప్రత్యక్షం. 1839లో డాగేరు కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానం పారిస్ నగరంలో వెల్లడి అయిన నాటినుంచి జనులు ఛాయాచిత్రానికి కూడా ఈ ప్రత్యక్ష గౌరవాన్నే కట్టబెట్టారు. కవి అతిశయోక్తి చెప్పవచ్చు, చిత్రకారుడు కల్పన చేయవచ్చు, కెమెరా మాత్రం ఉన్నదున్నట్లు చూపుతుందని అందరూ తలచారు. ఆ నమ్మకానికి ఈ దశాబ్దంలో పెద్ద బీట పడినది.

ఈ బీట ఎంత లోతుగా పోయినదో హైదరాబాదులో 2025లో జరిగిన ఒక వివాదం చాటిచెప్పినది. కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిలో ఆ సంవత్సరం మార్చి చివర చెట్లు కొట్టడం ఆరంభమైనది. విద్యార్థులు ఆందోళన చేశారు. అదే సమయంలో బుల్‌డోజర్ల ముందు పరుగెత్తే లేళ్ళు, రోదించే నెమళ్ళు ఉన్న బొమ్మలు లక్షలాది ఫోనులలో ప్రత్యక్షమైనవి. వాటిలో కొన్నింటిని ఏ కెమెరా తీయలేదు. కృత్రిమ మేధ వాటిని అల్లినది. ప్రభుత్వం ఆ బొమ్మలను చూపి ప్రజలను తప్పుదారి పట్టించారన్నది. పోలీసు విచారణకు ఆదేశించినది. కాగా ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపివేసినప్పుడు, దాని ముందున్న న్యాయాధికారి నివేదికలో సుమారు 100 ఎకరాలు ధ్వంసమైనవనీ, అక్కడ నెమళ్ళు, లేళ్ళు, పక్షులు కనిపించాయనీ ఉన్నది. అనగా లేళ్ళు నిజం, నెమళ్ళు నిజం, నరికిన చెట్లు నిజం. వాటి పేరిట ఊరేగిన బొమ్మలలో కొన్ని మాత్రం అబద్ధం. నిజానికి సాయపడదలచి కల్పించిన బొమ్మ ఆ నిజాన్నే అనుమానాస్పదం చేసినది. దొంగ నాణెం చెలామణి అయిన సంతలో అసలు నాణేన్ని కూడా గీటుపెట్టి చూస్తారు గదా!

ఈ పరిస్థితిలో ఛాయాగ్రహణ కళను గురించిన జ్ఞానం కేవలం వినోదం కోరేవారి సొత్తుగా ఉండడానికి వీలులేదు. చిత్రాన్ని బాగా తీయడం ఎట్లాగో తెలిసినవానికే చిత్రం ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. కనుక సాంకేతిక విషయాలనుంచే ఈ విచారణ ఆరంభించవలసి ఉన్నది.

కెమెరా చేసే పని నిజానికి ఒక్కటే: వెలుతురును కొలిచి పట్టడం. దానికి మూడు సాధనాలున్నవి. కటకపు రంధ్రం ఎంత వెడల్పుగా తెరుచుకొనవలెను, షట్టరు ఎంతసేపు తెరచి ఉండవలెను, గ్రాహకపు సంకేతాన్ని ఎంతగా పెంచవలెను అనేవే ఆ మూడు. మూడవదానినే ఐ.ఎస్.ఓ. అంకె తెలుపుతుంది. ఒకదానిలో చేసిన మార్పుకు మరొకదానిలో వెల చెల్లించక తప్పదు. పాఠశాల వార్షికోత్సవంలో నాట్యమాడే బాలికను ఉదాహరణగా తీసుకొనవచ్చును. సెకనులో 30వ వంతు కాలం షట్టరు తెరచి ఉంచితే ఆమె చేతులు అలికినట్లు పడతాయి. కదలికను నిలబెట్టడానికి సెకనులో 250వ వంతు కావలెను. అప్పుడు లోపలికి వచ్చే వెలుతురు ఇంచుమించు ఎనిమిదవ వంతుకు తగ్గిపోతుంది. ఆ లోటు తీరడానికి రంధ్రాన్ని ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 2కు తెరువవలెను. అట్లా తెరిస్తే స్పష్టంగా కనిపించే లోతు తగ్గి, వెనుక వరుసలోని పిల్లలు మసకబారుతారు. లేదా ఐ.ఎస్.ఓ.ను ఎనిమిది రెట్లు పెంచవలెను. పెంచితే చిత్రమంతా ఇసుక చల్లినట్లు గరుకుదేరుతుంది. ఈ బేరసారాలను ఎరిగి, ఏ నష్టాన్ని భరించవలెనో ముందే నిశ్చయించుకొనడమే నేర్పు.

సభలో చివరి వరుసనుంచి ఫ్లాషు వెలిగించేవారు ప్రతి ఉత్సవంలోనూ కనిపిస్తారు. భౌతికశాస్త్రంలో విలోమవర్గ నియమం చదివిన విద్యార్థికి వారిని చూస్తే నవ్వు రాకమానదు. దూరం రెండింతలైతే చిన్న దీపంనుంచి అందే వెలుతురు నాలుగవ వంతే. ఆ ఫ్లాషు ముందు కూర్చున్నవారి తలలను వెలిగిస్తుంది, వేదికకు మాత్రం చేరదు. నాలుగడుగులు ముందుకు నడవడం, కిటికీ ప్రక్కకు జరగడం, మిట్టమధ్యాహ్నానికి బదులు సాయంకాలపు ఏటవాలు ఎండకై వేచి ఉండడం - ఇవి ఖర్చులేని మెరుగులు. సికిందరాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా పేరుగాంచిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో బరువైన కెమెరాను ముక్కాలిపై నిలిపి, ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క గాజుపలకను వాడవలసి వచ్చేది. పలక వృథా అయితే శ్రమ అంతా వృథా. తీయడానికి ముందే వెలుతురును పరిశీలించడం ఆ తరం వారికి విధి అయినది. వందల చిత్రాలు తీసి ఒకటి ఏరుకొనే నేటివారికి ఆ విధిని స్వచ్ఛందంగా అలవరచుకొనవలసిన అవసరమున్నది.

ఇక పరికరాల మాట. అంగడిలో మెగాపిక్సెళ్ళ అంకెలు చూపి కొనుగోలుదారుని మురిపించడం పరిపాటి అయినది. 12 మెగాపిక్సెళ్ళ చిత్రం అంటే 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించినా 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు వస్తుంది. సాధారణావసరానికి అంతకు మించి కావలసినదేమున్నది? అసలు తేడా గ్రాహకపు వైశాల్యంలోనూ, కటకంలోనూ ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో గ్రాహకం 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. ఫోనులలో మిక్కిలి పెద్దదని చెప్పుకొనే ఒక అంగుళపు తరగతి గ్రాహకం కూడా దానిలో ఏడవ వంతుకు మించదు. వాననీటికి చిన్న గిన్నె పెట్టినచోట పెద్ద గంగాళం పెట్టినట్లు, పెద్ద గ్రాహకం ఎక్కువ వెలుతురును పడుతుంది. అయినా 50 మిల్లీమీటర్ల కటకమున్న చిన్న లైకా కెమెరాతోనే ఆన్రీ కార్తియే-బ్రెసాన్ తన కీర్తికి కారణమైన చిత్రాలలో అధికభాగం తీశాడు. ఉన్న డబ్బును కొత్త కెమెరా మీదికంటె మంచి కటకం మీద, అంతకంటె నలుగురిలో తిరగడం మీద ఖర్చుచేయడం మేలని అనుభవజ్ఞులు చెప్పడంలో అర్థమున్నది.

ఫోనులు తమ చిన్న గ్రాహకపు లోటును లెక్కలతో పూడ్చుకుంటాయి. మీట ఒక్కసారి నొక్కితే అవి వరుసగా అనేక చిత్రాలు తీసి, వాటిని కలిపి ఒక్కటిగా చూపుతాయి. అంతవరకు ఆక్షేపణ లేదు. ఆ చిత్రాలన్నీ ఎదుట ఉన్న వస్తువువే. 2023 మార్చిలో జరిగిన ఒక చిన్న ప్రయోగం దీని తరువాతి మెట్టును బయటపెట్టినది. చంద్రబింబపు చిత్రాన్ని ఒకరు కుదించి, గుంటలు గట్లు కనబడకుండా మసకచేసి, కంప్యూటరు తెరపై ఉంచి, దీపాలార్పిన గదిలో దూరంనుంచి సామ్‌సంగ్ ఫోనుతో తీశారు. తెరపైన లేని గుంటలు ఫోను చిత్రంలో తేలినవి! చంద్రుని గుర్తించి వివరాలను మెరుగుపరచే ఏర్పాటు ఉన్నదని ఆ సంస్థయే వివరించినది. చూచినది పట్టడం వేరు, చూడవలసినదేమిటో ముందే తెలిసినట్లు పూరించడం వేరు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ దాటబడినదో ఫోను పట్టుకున్న మనిషికి తెలియకపోవడమే ఇందులోని చిక్కు.

దిద్దుబాటు నేడు పుట్టినది కాదు. వెనుకటి స్టూడియోలలో సన్నని పెన్సిలు మొనతో నెగటివుపై పెళ్ళికూతురి ముఖంలోని మచ్చలు మాపేవారు. 1840లోనే ఇప్పోలిత్ బయార్ అనే ఫ్రెంచివాడు తన ప్రతిభకు గుర్తింపు రాలేదన్న కోపంతో, తాను నీట మునిగి మరణించినట్లు నటించి ఆ చిత్రాన్ని తానే తీసుకున్నాడు. సోవియట్ రష్యాలో స్టాలిన్ ప్రక్కన నడచిన యెజోవ్ 1940లో మరణశిక్షకు గురి అయిన పిమ్మట చిత్రంలోనుంచి కూడా మాయమైనాడు. అయితే ఆనాడు అటువంటి పనికి చేయితిరిగిన పనివాడు, చీకటి గది, గంటల కాలం కావలసి వచ్చేవి. 1990లో ఫోటోషాప్ వచ్చి ఆ శ్రమను తగ్గించినది. లేని వస్తువును మాటతో అడిగి చిత్రంలో చేర్చుకొనే సౌకర్యం 2023లో దానికే సమకూడినది.

అట్లని దిద్దుబాటునంతా పాపమని త్రోసివేయడం అజ్ఞానమే అవుతుంది. కెమెరా పట్టిన ముడి సమాచారంలో 14 బిట్ల లెక్కన ఒక్కొక్క రంగుకు 16,384 ఛాయలు ఉంటాయి. సాధారణ జేపెగ్ చిత్రంలో 256 మాత్రమే. ముడి చిత్రంలోని నీడలను తేల్చడం, రంగు తేడాను సరిచేయడం, వాలిన గోడను నిలబెట్టడం, అనవసరపు అంచును కత్తిరించడం అన్నీ పట్టిన దానిని స్పష్టపరచే పనులే. మరి మితిమీరిన వెలుతురుతో తెల్లబోయిన ఆకాశాన్ని ఏ దిద్దుబాటూ తిరిగి తేలేదు. పొంగి పొయ్యిపాలైన పాలను గిన్నెలోకి ఎత్తలేము గదా. అక్కడ కొత్త మేఘాలను అతికించడం స్పష్టపరచడం అనిపించుకొనదు, సృష్టించడమే అవుతుంది. ఉన్న సమాచారాన్ని విప్పి చూపేది దిద్దుబాటు. లేనిదానిని చేర్చేదీ, ఉన్నదానిని తొలగించేదీ కల్పన. మేర ఇక్కడ ఉన్నది.

వార్తా ప్రపంచం ఈ మేరను కఠినంగానే పాటించజూస్తున్నది. సిరియా యుద్ధంలో తీసిన ఒక చిత్రపు మూలలో సహచరుని వీడియో కెమెరా కనిపిస్తున్నదని దానిని చెరిపివేసినందుకు, పులిట్జర్ బహుమతి పొందినవారిలో ఒకడైన నార్సిసో కాంట్రెరాస్‌తో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ 2014 జనవరిలో సంబంధం తెంచుకున్నది. అతని ఇతర చిత్రాలు దాదాపు 500 పరిశీలించగా మరే దోషమూ కనబడలేదు. అయినా నిర్ణయం మారలేదు. ఒక్క చిన్న వస్తువుకు ఇంత శిక్షా అని జాలిపడేవారుండవచ్చు. కాని యుద్ధభూమికి పోలేని పాఠకుడు ఆ చిత్రాన్ని నమ్మడానికి ఆధారం అక్కడ నిలబడిన మనిషి మాట తప్ప మరేమున్నది? 2024 మార్చిలో బ్రిటిషు యువరాణి కేథరిన్ తన పిల్లలతో ఉన్న చిత్రాన్ని విడుదల చేసినప్పుడు, కుమార్తె చొక్కా చేతి అంచు అతుకుపడలేదని గమనించి పెద్ద వార్తాసంస్థలు దానిని ఉపసంహరించుకున్నవి. దిద్దినది తానేనని ఆమె మరునాడే క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది.

పోటీల న్యాయనిర్ణేతలు సైతం ఈ కాలంలో తడబడ్డారు. 2023లో జర్మనీకి చెందిన బోరిస్ ఎల్డాగ్సెన్ కృత్రిమ మేధతో చేయించిన బొమ్మకు సోనీ ప్రపంచ ఛాయాగ్రహణ పోటీలో ఒక విభాగపు బహుమతి రాగా, సంగతి వెల్లడించి నిరాకరించాడు. 2024లో మైల్స్ ఆస్ట్రే అనే ఛాయాగ్రాహకుడు తల కనబడకుండా ముడుచుకున్న రాజహంస జాతి పక్షిని నిజంగా తీసి, ఆ చిత్రాన్ని కృత్రిమ మేధ విభాగానికి పంపి బహుమతి పొంది, నిజం చెప్పి అనర్హుడైనాడు. కల్పన నిజమనిపించుకున్నది, నిజం కల్పన అనిపించుకున్నది. నిపుణుల కన్నే ఇట్లా మోసపోతే సామాన్యుని మాట చెప్పనేల?

నివారణ మార్గాలు లేకపోలేదు. చిత్రం పుట్టినప్పుడే దాని జన్మపత్రికను గూఢలిపిలో ముద్రించి, తరువాతి మార్పులన్నిటినీ నమోదు చేసే పద్ధతి ఒకటి అమలులోకి వచ్చినది. 2023 అక్టోబరులో లైకా సంస్థ ఆ ఏర్పాటుతో కెమెరాను విడుదల చేసినది. కృత్రిమంగా తయారైన దృశ్యాలకు గుర్తు వేయవలెనని భారత ప్రభుత్వం 2025 అక్టోబరులో ముసాయిదా నిబంధనలు వెలువరించి, 2026 ఫిబ్రవరిలో వాటిని ఖాయపరచినది. ఇవి వాంఛనీయాలే. అయితే చిత్రం ఒక ఫోనునుంచి మరొక ఫోనుకు చేతులు మారేటప్పుడు ఆ జన్మపత్రిక తరచు ఊడిపోతుంది. మోసగించ దలచినవాడు గుర్తు వేయనే వేయడు. చట్టం అందుకోలేనిచోట చదువు అందుకోవలెను.

ఆ చదువుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒకే చెట్టును ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం తీసి నీడలు ఎటు పడినవో పోల్చమని ఉపాధ్యాయుడు పిల్లలను అడుగవచ్చును. ఆ అభ్యాసంతో మంచి చిత్రం తీయడమూ అబ్బుతుంది. ఒకే చిత్రంలో ఇద్దరి నీడలు రెండు దిక్కులకు పడితే అనుమానించడమూ అబ్బుతుంది. దిద్దిన ప్రతితోపాటు మూలప్రతిని దాచి ఉంచడం, ఏమి మార్చినదీ క్రింద వ్రాయడం పాఠశాల పత్రికలోనే అలవాటు చేయవచ్చును. వచ్చిన చిత్రాన్ని మరొకరికి పంపకముందు ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అని మూడు ప్రశ్నలు వేసుకొనడం దీనికంతటికీ పునాది.

1948 జనవరి 30 రాత్రి ఢిల్లీలో బిర్లా భవనం వాకిట నెహ్రూ నిలబడి గాంధీజీ మరణవార్తను ప్రజలకు చెబుతున్నప్పుడు కార్తియే-బ్రెసాన్ ఒక చిత్రం తీశాడు. వెలుతురు చాలలేదు, ముఖాలు మసకబారినవి, పాఠ్యగ్రంథాల ప్రకారం అందులో దోషాలెన్నో ఉన్నవి. నేటి యంత్రం దానిని క్షణంలో స్పష్టం చేయగలదు. కాని అట్లా చేయవలెనంటే ఆ రాత్రి నెహ్రూ ముఖంలోని రేఖలను యంత్రం తన ఊహనుంచి గీయవలసి ఉంటుంది. అప్పుడు కనిపించే దుఃఖం నెహ్రూది కాదు. మసకగా ఉన్న ఆ చిత్రాన్ని మసకగానే చూడగల ఓర్పు ఉన్నంతకాలం ఛాయాచిత్రానికి సాక్ష్యపు విలువ నిలిచి ఉంటుంది.